చక్రములమీది గుడారములో ఒక రాత్రి

ఇశ్రాయేలీయులు ఐగుప్తు విడిచిన తరువాత 40 సంవత్సరములు గుడారములలో కాపురముండిరి. మేఘము నిలిచిన చోట వారు నిలిచిరి. మేఘము లేచినప్పుడు వారు లేచిరి. మన దినములలో గుడారమునకు చక్రములు వచ్చినవి. అమెరికా, ఐరోపా దేశములలో మంచము, పొయ్యి, నీళ్ల తొట్టి, దీపము అన్నియు ఒక్క మోటారు బండిలోనే అమర్చుకొని, బండి ఆగిన చోటనే రాత్రి గడిపి, తెల్లవారగానే మరియొక ఊరికి సాగిపోవువారు అనేకులు కలరు. అట్టి బండిని కారవాన్ అందురు. మన దక్షిణ దేశములోని కేరళలో ప్రభుత్వమువారు 2021లో విహారయాత్రికుల కొరకు ఇట్టి బండ్ల పథకమొకటి ప్రకటించిరి.

ఇది చదివి మన పల్లె సంఘములవారు, “ఇది కలిగినవారి ముచ్చట, మనకెందుకు?” అని పుట తిరగవేయవచ్చును. కొంచెము ఆగుడి. మనవారును చక్రములమీది గుడారములో రాత్రులు గడుపుచున్నారు. వేడుక కొరకు కాదు, అవసరము కొరకు. ఆ సంగతియే ఈ మాసమున మీతో పంచుకొనగోరుచున్నాను.

2008 మార్చి నెలలో శంషాబాదు నొద్ద రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము తెరువబడెను. అంతకుముందు విమానములు నగరము నడుమనున్న బేగంపేటలో దిగుచుండెను. నాటినుండి జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు, కామారెడ్డి పల్లెలనుండి దుబాయి, మస్కటు, సౌదీ దేశములకు పోవువారును, గోదావరి జిల్లాలనుండియు కడప సీమనుండియు కువైటులో ఇంటిపనికి పోవు మన అక్కచెల్లెండ్రును, పై చదువులకై అమెరికాకు పోవు పిల్లలును అనేకులు శంషాబాదు త్రోవనే పోవుచున్నారు. విదేశములకు పోవు విమానములు అనేకము తెల్లవారుజామున బయలుదేరును. ప్రయాణికుడు మూడు గంటలు ముందుగా అచ్చట నుండవలెను. దూరపు పల్లెవారు ఏమి చేయుదురు? ముందటి దినము మధ్యాహ్నముననే ఒక వాను బాడుగకు మాట్లాడుకొని, తల్లి, తండ్రి, అవ్వ, తాత, మేనమామ, పసిపిల్లలు, పొరుగింటివారు అందరును ఎక్కి, పులిహోర మూటతోను నీళ్ల డబ్బాతోను బయలుదేరుదురు. రాత్రి తొమ్మిదికో పదికో శంషాబాదు చేరుదురు. లాడ్జిలో గదులు తీసుకొనుటకు రూకలు చాలవు. బాడుగ వానే ఆ రాత్రికి వారి ఇల్లు, వారి భోజనశాల, వారి పడకగది.

కాపరినైన నన్ను కూడ ప్రార్థనకొరకు వెంటరమ్మని మా సంఘస్థులు పిలుచుట కలదు. అట్లు ఎన్ని రాత్రులు ఆ ప్రాంతమున గడిపితినో లెక్క పెట్టలేదు. తల్లి తన కుమారుని తలమీద చేయి వేసి ఏడ్చుటయు, క్రొత్త పెండ్లికూతురు దూరముగా నిలువబడి కొంగుతో కన్నులు ఒత్తుకొనుటయు చూచితిని. ఆ రాత్రులలో నేను నేర్చుకొనినది ఒకటి కలదు. ప్రార్థన చేసి నిద్రించుట వేరు. ప్రార్థన చేసి, ఒకరిని కావలి యుంచి నిద్రించుట వేరు. దేవుని వాక్యము మనకు రెండవదానిని నేర్పుచున్నది.

“దేవుడున్నాడు గదా, అయ్యగారూ! ఆయన చూచుకొనడా?” అని మన సంఘములలో భక్తిగల పెద్దలు తరచుగా అనుచుందురు. ఆ మాటలో విశ్వాసము కలదు, సందేహము లేదు. 121వ కీర్తనను పాడిన యాత్రికుడు కూడ తన్ను కాయు దేవునికి రాత్రింబగళ్లు కునుకు లేదని నమ్మియే కొండల త్రోవ పట్టెను. అయితే ఆ మాటనే అజాగ్రత్తకు దుప్పటిగా కప్పుకొనరాదు. అపవాది మన ప్రభువును దేవాలయ శిఖరముమీద నిలువబెట్టి, దూతలు ఎత్తి పట్టుకొందురు గనుక క్రిందికి దుముకుమని చెప్పినప్పుడు, అతడు వాడినది కీర్తనలోని వాగ్దానమే. ప్రభువు ఆ వాగ్దానమును కాదనలేదు; తండ్రిని శోధించుటకు మాత్రము ఒప్పుకొనలేదు.

బబులోను చెరనుండి యెరూషలేమునకు తిరిగివచ్చిన ఇద్దరు దైవజనుల ప్రయాణములు ఈ విషయములో మనకు చక్కని పాఠములు. ఎజ్రా అహవా నదియొద్ద మూడు దినములు గుడారములలో దిగెను. చిన్నపిల్లలును వెండి బంగారములును వెంట నుండెను. త్రోవలో పొంచియుండు శత్రువులుండిరి. దేవుని హస్తము తమకు తోడుగా నున్నదని రాజుతో ముందే చెప్పియుండుటచేత, సైనికులను అడుగుటకు ఆయన సిగ్గుపడి, ఉపవాస ప్రార్థన ప్రకటించెను. కాని అంతటితో చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. యాజకులలో పండ్రెండుగురు ప్రధానులను ఏర్పరచి, వెండి బంగారములను తూచి వారి చేతికి అప్పగించి, మరల యెరూషలేములో తూచువరకు మెలకువగా నుండి కాపాడవలెనని ఆజ్ఞాపించెను. నెహెమ్యా అయితే రాజు పంపిన సేనాధిపతులను, రౌతులను కాదనక వెంటబెట్టుకొని వచ్చెను. తరువాత గోడ కట్టు కాలమున శత్రువుల బెదరింపు వచ్చినప్పుడు ఆయన ప్రార్థనయు చేసెను, రాత్రింబగళ్లు కావలివారిని కూడ నియమించెను. ఒకరు సైన్యము లేకుండ, మరియొకరు సైన్యముతో ప్రయాణము చేసినను, ఇద్దరును కావలి మాత్రము మానలేదు.

ఇక మనము శంషాబాదు రాత్రికి వత్తము. అచ్చట మన గుడారమును కాయవలసిన అపాయములు ఏవి?

మొదటిది, కంటికి కనబడని గాలి. కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు కలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. పెట్రోలు, డీజిలు, బొగ్గు, కట్టెలు, వంటగ్యాసు, ఏది పూర్తిగా కాలకపోయినను అది పుట్టును. మనము పీల్చు ప్రాణవాయువుకంటె అది 200 రెట్లకు పైగా గట్టిగా నెత్తుటిని పట్టుకొనును. కావున ఊపిరి ఆడుచుండగానే దేహమునకు ప్రాణవాయువు అందక పోవును. మెలకువగా నున్నవానికి తలనొప్పి, కన్ను తిరుగుట, వాంతి, నీరసము తోచును. నిద్రించువానికి ఏమియు తోచదు. నిద్రలోనే దాటిపోవును.

2024 డిసెంబరు నెలలో కేరళలోని వడకర యొద్ద రోడ్డు ప్రక్కను నిలిపియుంచిన ఒక కారవాన్ బండిలో ఇద్దరు మనుష్యులు చనిపోయి కనబడిరి. వారిని ఎవరును కొట్టలేదు, దోచుకొనలేదు. బండి చాలసేపు కదలకుండ నుండుట చూచి, చుట్టుప్రక్కలవారు అనుమానించి తెలియజేసిరి. బండిలోని జనరేటరునుండి వచ్చిన ఆ విషవాయువు వారు పడుకొనిన చోటికి చేరుటయే కారణమని పరీక్షించినవారు తేల్చిరి. మంచము, చల్లని గాలి, తలుపు గడియ, సర్వ సౌఖ్యములు గల బండి అది. మన బాడుగ వానుకు ఇంకెంత జాగ్రత్త కావలెను?

ఒక వేసవి రాత్రి శంషాబాదు దాటిన తరువాత, లారీలు ఆగు ఒక మైదానములో మావారి వాను నిలిచెను. నేనును సంఘపు పెద్ద ఒకరును, మరునాటి ప్రయాణపు కాగితములు సరిచూచుకొనుటకు దీపమున్న తేనీటి కొట్టు నొద్దకు వెళ్లితిమి. ఆ సమయములో వాను డ్రైవరు, దోమలు వచ్చుచున్నవని అద్దములన్నియు పైకెత్తి, చల్లగాలి యంత్రము తిరుగుటకు ఇంజను నడుచుచుండగనే సీటు వెనుకకు వాల్చుకొని కన్ను మూసెను. లోపల తొమ్మండుగురు నిద్రించుచుండిరి. వారిలో ముగ్గురు పసివారు. ప్రక్కను నిలిచిన లారీలోనుండి తల నెరసిన డ్రైవరొకడు దిగి, నా తెల్లబట్టలును చేతిలోని బైబిలును చూచి, నేరుగా మాయొద్దకు వచ్చి ఇట్లనెను:

“అయ్యగారూ, ఆ బండి మీదేనా? ముందు ఇంజను ఆపమనండి. అద్దాలు దించమనండి. పిల్లలున్నారు లోపల.”

“ఏమైనది, తాతా?” అని పెద్దగారు లేచిరి.

“ఇంకా ఏం కాలేదు. అయ్యేదాకా చూస్తామా? మా మేస్త్రీ బండిలో ఇద్దరు క్లీనర్లు ఇట్లనే పడుకున్నారు. తెల్లారి నేనే లేపబోతిని. నిద్రపోయినట్టే ఉండిరి. లేవలేదు.”

మేము పరుగెత్తితిమి. ఇంజను ఆగెను, తలుపులు తెరువబడెను, అందరును క్షేమముగా లేచిరి. ఒక పసివాడు నిద్రాభంగమైనదని ఏడ్చెను. ఆ ఏడ్పు విని ఆ ముసలివాడు నవ్వి, “ఏడవనీ, ఏడిస్తే మంచిదే” అనుచు తన లారీయొద్దకు వెళ్లిపోయెను. ఆయన ఏ మతస్థుడో నేనడుగలేదు. ఆ రాత్రి తెల్లవారువరకు ఆ మాట నా చెవులలో నుండెను.

అపొస్తలుల కార్యములలో త్రోయలోని ఐతుకు అను యౌవనస్థుని కథ మీరెరుగుదురు. పౌలు మధ్యరాత్రి వరకు బోధించుచుండగా, అతడు కిటికీలో కూర్చుండి గాఢనిద్రలో మూడవ అంతస్తునుండి పడిపోయెను. ఆ మేడగదిలో అనేక దీపములు వెలుగుచుండెనని లూకా ప్రత్యేకముగా వ్రాసెను. జనముతో నిండిన గదిలో అన్ని దీపములు మండుచు గాలిని బరువు చేసి ఆ బిడ్డను నిద్రలోనికి లాగియుండునని కొందరు వ్యాఖ్యాతలు తలంచుదురు. బోధకు నిద్రపోయెనని మనము ఆ యౌవనస్థుని ఎగతాళి చేయుట చాలును. గదిలోని గాలిని గూర్చి కూడ కొంచెము తలంచుట మేలు.

కావున పడుకొనిన బండిలో ఇంజను నడువరాదు. గాలి పోవుటకు రెండు వైపుల అద్దములు కొంత దించి, దోమలకు పలుచని వస్త్రము కట్టుకొనుడి. చలికాలమున బొగ్గుల కుంపటి బండిలో పెట్టుకొనుట మరింత ప్రమాదము. మంట ఆరినను నిప్పుకణము ఉన్నంతసేపు ఆ వాయువు వచ్చుచునే యుండును. ప్రక్క బండి ఇంజను నడుచుచున్న యెడల దాని పొగగొట్టము మన అద్దమువైపు ఉండకుండ చూచుకొనవలెను. ఎవరికైనను తలనొప్పియు వాంతియు వచ్చిన యెడల, తిండి పడలేదని సరిపెట్టుకొనక, వెంటనే అందరును బయటి గాలికి రావలెను. 108కి ఫోను చేయవలెను.

రెండవ అపాయము, బండి నిలుపు స్థలము. శంషాబాదు యొద్ద హైదరాబాదునుండి బెంగుళూరు పోవు 44వ జాతీయ రహదారియు, నగరము చుట్టు 158 కిలోమీటర్లు తిరుగు ఔటర్ రింగ్ రోడ్డును కలిసికొనును. ఆ రింగు రోడ్డుమీద గంటకు 120 కిలోమీటర్ల వరకు పోవచ్చునని 2023లో వేగపరిమితి పెంచిరి. ఆ వేగముతో పోవు బండి మనము ఒకటి అని లెక్కపెట్టునంతలో 33 మీటర్లు దాటును. దాని డ్రైవరు నిద్రమత్తులో నుండి కన్ను తెరచునప్పటికి మన వాను అతని చక్రము ముందు నుండును. రోడ్డు అంచున తెల్లగీత అవతల ఖాళీగా కనబడు చోటు పడక కొరకు వేయబడినది కాదు. చీకటిలో అచ్చట ఆగిన బండ్లను వెనుకనుండి వచ్చిన లారీలు కొట్టుటచేత ఎన్ని కుటుంబములు పాడైనవో మన దినపత్రికలే సాక్షులు.

బండి చెడిపోయి ఆగిపోయిన యెడల, ఆడవారిని పిల్లలను మొదట దింపి రోడ్డుకు దూరముగా, కమ్మీ అవతల నిలువబెట్టవలెను. తరువాత బండి దీపములు మినుకుమినుకుమనునట్లు వేసి, మెరయు ముక్కోణపు గుర్తును వెనుక చాల దూరమున పెట్టవలెను. జాతీయ రహదారిమీద సహాయమునకు 1033, ఏ ఆపదకైనను 112. ఈ అంకెలను మీ బైబిలు మొదటి పుటలో వ్రాసికొనుడి. బిడ్డల పుట్టిన తేదీలు వ్రాసికొను చోటనే ఇవియు నుండవచ్చును.

రాత్రి నిలుచుటకు, దీపములు బాగుగా వెలుగుచు, మనుష్యుల సంచారము గల చోటు చూడవలెను. పెట్రోలు బంకువారి అనుమతి అడిగి వారి ఆవరణలో ఒక ప్రక్కను నిలుపుట, లేదా రుసుము చెల్లించి విమానాశ్రయపు పార్కింగు స్థలములో నిలుపుట మేలు. చక్రమునకు ముందు వెనుకల రాళ్లు పెట్టుడి. చల్లగా నుండునని పిల్లలను బండి క్రిందగాని బండి వెనుకగాని పడుకొనబెట్టకుడి. చీకటిలో ప్రక్క బండివాడు వెనుకకు త్రిప్పినప్పుడు క్రిందనున్న పసివాడు అతనికి కనబడడు. మోషే ధర్మశాస్త్రములో, క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. దేవుడు తన ప్రజల మిద్దెమీది పిట్టగోడను గూర్చి కూడ ఆజ్ఞ ఇచ్చినవాడు. చక్రము క్రింది రాయి మన దినముల పిట్టగోడయే అని నేను తలంచుదును.

మూడవది, డ్రైవరు నిద్ర. మనవారు ప్రయాణికునికి దిండు ఇత్తురు, అవ్వకు దుప్పటి ఇత్తురు, డ్రైవరును మరచిపోవుదురు. అతడు పగలంతయు బండి తోలి, రాత్రి అందరి సామాను దింపి, మరల ఉదయమున రెండువందల కిలోమీటర్లు తోలవలెను. రెండు గంటలనుండి తెల్లవారువరకు మనుష్య దేహము నిద్రకు లొంగునట్లు దేవుడు దానిని నిర్మించెను. 1961లో చేయబడిన మోటారు రవాణా కార్మికుల చట్టము డ్రైవరుకు దినమునకు 8 గంటలే పనియని నిర్ణయించినది. చట్టమెరుగని పల్లెలోనైనను, ఎద్దునకు కూడ విశ్రాంతి దినము కావలెనన్న దేవుని ఆజ్ఞ మనమెరుగుదుము. కావున వానులో మంచి పడక మొదట డ్రైవరుకు ఇయ్యుడి. విమానము ఎగిరిపోయిన వెంటనే ఇంటికి పోదమని అతనిని తొందరపెట్టకుడి. ఆ ఉదయము మనవారి మనస్సులు భారముగా నుండును, మాటలుండవు, అందరును నిద్రపోవుదురు. అప్పుడు డ్రైవరుతో మాటలాడుచు ముందు సీటులో ఒకరు మెలకువగా కూర్చుండవలెను.

నాలుగవది, మనుష్యుల వలని భయము. 2019 నవంబరులో శంషాబాదు సమీపమున, రింగు రోడ్డు టోల్ గేటు ప్రాంతములో, రాత్రివేళ ఒంటరిగా చిక్కుకొనిన ఒక యువ పశువైద్యురాలికి జరిగిన ఘోరము దేశమంతటిని ఏడిపించెను. ఆమె యందు దోషమేమియు లేదు, దోషము దుర్మార్గులది. ఆ బిడ్డను తలంచుకొనినప్పుడెల్ల ఆడబిడ్డలుగల మనమందరము ఒక నియమము పెట్టుకొనవలెను. చీకటిలో కాలకృత్యములకు పోవు స్త్రీ ఏ వయస్సుదైనను ఒంటరిగా పోరాదు. ఇద్దరు ముగ్గురు కలిసి, దీపముతో, ఇంటి మగవారికి చెప్పి పోవలెను. ఆమెను సిగ్గుపరచక తోడుపోవుట ఇంటివారి ధర్మము. అయినను లారీవారందరిని దొంగచూపుతో చూడకుడి. మా బిడ్డలను ఆ రాత్రి మేలుకొలిపినవాడును లారీవాడే గదా. పాస్‌పోర్టు, వీసా కాగితము, రూకలు ఒక్క సంచిలో పెట్టి తలక్రింద పెట్టుకొనక, ఎజ్రా చేసినట్లు లెక్కించి, నమ్మకమైన ఇద్దరికి పంచి అప్పగించి, ఉదయమున మరల లెక్క చూచుకొనుడి. క్రొత్తవారు ప్రేమతో ఇచ్చు బిస్కత్తులు, పానీయములు పిల్లలచేతికి రానీయకుడి.

మరియొక మాట. విమానాశ్రయపు ద్వారమునొద్ద వీడ్కోలు చెప్పు తొందరలో, నిద్రించు పసిపిల్లను బండిలో విడిచి తాళము వేసి పోరాదు. ఎండలో మూసిన బండి పది నిమిషములలోనే పది డిగ్రీలవరకు వేడెక్కును. ఏడుపుల మధ్య ఒక పిల్లను మరచిపోవుట సులభము. దిగునప్పుడు తలలు లెక్కపెట్టు పని ఒకరికి అప్పగించుడి.

ఇన్ని చెప్పిన తరువాత మరల మొదటి మాటకే వత్తును. ఈ జాగ్రత్తలన్నిటికి తల్లివంటిది కావలి. మన ప్రభువు దినములలో రాత్రిని నాలుగు జాములుగా లెక్కించిరి: సాయంకాలము, అర్ధరాత్రి, కోడికూత, తెల్లవారు. మా సంఘస్థులకు నేను అదే పద్ధతి నేర్పితిని. వానులో పెద్దవారు ఎనిమిదిమంది యుండిన యెడల, జాముకు ఇద్దరిద్దరు మేల్కొనవలెను. ఒక్కరైన యెడల కునుకు పట్టును. ఆ ఇద్దరును బండి చుట్టు ఒకసారి తిరిగి, అద్దములు దించియున్నవో లేదో చూచి, నిద్రించువారి పేరు పేరున మెల్లగా ప్రార్థన చేయుదురు. దూరదేశము పోవు బిడ్డకు మాత్రము ఆ రాత్రి కావలి వేయము. ఆ బిడ్డ కడుపునిండ నిద్రపోవలెను. గలిలయ సముద్రముమీద తుపానులో ప్రభువు ఓడ అమరమున తలగడ పెట్టుకొని నిద్రించుచుండగా, శిష్యులు మేలుకొని యుండిరి. ఒకరు నిద్రించుటకు ఒకరు మేల్కొనుట సంఘ జీవితములోని ప్రేమయే.

ఒక రాత్రి అర్ధరాత్రి జాము నా వంతు వచ్చెను. నాతో కూర్చుండినవాడు, మరునాడు కువైటుకు పోవు ఒక అమ్మాయి తండ్రి. ఆయన చదువు రానివాడు, మితభాషి. విమానము ఒకటి దీపములతో మా తలమీదుగా లేచినప్పుడు ఆయన చాలసేపు దానివైపే చూచి, “అయ్యగారూ, రేపు ఈపాటికి దాని కావలి ఎవరిది?” అనెను. నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. కొంతసేపటికి ఆయనయే, “ఇక్కడ మనం కాస్తిమి. అక్కడ ఆయన కాస్తాడు” అని తలపాగ సర్దుకొని, బండి చుట్టు తిరిగి వచ్చుటకు లేచెను. కావలికాయని నోట ఆ మాట తేలికగా నుండును. తన వంతు నిద్ర విడిచి కూర్చుండిన తండ్రి నోట అది బరువుగా వినబడెను.

ఇక కడపటి విన్నపము రెండు సంఘములకు. మొదటిది శంషాబాదు ప్రాంతమందును, రాజేంద్రనగరు వైపునను, ఆ త్రోవ పొడవునను ఉన్న సంఘములకు. న్యాయాధిపతుల గ్రంథములో, గిబియా ఊరి నడివీధిలో దిగిన ప్రయాణికుని చూచి, రాత్రి వీధిలో గడపవద్దని తన ఇంటికి పిలిచినవాడు పొలమునుండి తిరిగివచ్చిన ఒక ముసలివాడొక్కడే. ఊరంతయు తలుపులు వేసికొనియుండెను. ఆ రాత్రి ఆ ఊరిలో జరిగినది వ్రాయుటకు కలము వణకును. ప్రియ సహోదరులారా, ఆదివారము తప్ప తక్కిన రాత్రులన్నియు మీ మందిరములు ఖాళీగా నుండును. ఒక చాప, ఒక కుండ నీళ్లు, ఒక మరుగుదొడ్డి, వెలుగుచున్న ఒక దీపము, ఇవి చాలును. మీ కాపరియొద్దనుండి ఉత్తరము తెచ్చుకొనిన పల్లె కుటుంబమునకు ఒక్క రాత్రి తలుపు తీయలేరా?

రెండవది పల్లె సంఘములకు. మంచి సమరయుడు గాయపడినవానిని పూటకూళ్ల ఇంటికి తీసికొనిపోయి, రెండు దేనారములు ఇచ్చెను. పాపము, వానికొరకు ప్రార్థించి రోడ్డుప్రక్కను విడిచిపోలేదు. మా సంఘపు స్త్రీల సమాజమువారు పిడికెడు బియ్యపు కానుకలో కొంత విడిగా తీసి, దూరదేశమునకు పోవు కుటుంబములో ఆడవారు, పిల్లలు, వృద్ధులు ఒక్క రాత్రి లాడ్జిలో పడుకొనుటకు ఇచ్చుచున్నారు. ప్రతి ఇంటి తల్లి అన్నము వండునప్పుడు తీసి పెట్టిన పిడికెడు బియ్యమే అది. ఇంతవరకు ఏ కుటుంబమునకును లేదనలేదు. మగవారు మాత్రము ఇప్పటికిని వానులోనే పడుకొందురు, రెండు వైపుల అద్దములు దించుకొని, జాముకు ఇద్దరు మేలుకొని.

ఇల్లు విడిచి పోవువారిని, వారిని సాగనంపి వట్టిచేతులతో తిరిగివచ్చువారిని, ఈ రాత్రి ఏ రోడ్డుప్రక్కనో బండిలో కన్నుమూసియున్న ప్రతి డ్రైవరును మన ప్రభువు కాపాడును గాక. వారికొరకు మేల్కొనుటకు మనకును కృప ననుగ్రహించును గాక. ఆమేన్.